వెనక వాటా మంచం

బుధవారం పొద్దున పట్టాభిరామయ్య తన బరువు తనే చెప్పుకున్నాడు.

"ముప్పై ఎనిమిది కేజీలుంటానమ్మా. దుప్పటి తరుగు తీసేస్తే ముప్పై ఏడున్నర."

శ్రీదుర్గ నవ్వింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ముప్పై ఏళ్లు కాటా దగ్గర నిలబడ్డ మనిషి. కంటి ముందుకి ఏది వచ్చినా తూచకుండా వదలడు. కడుపులో క్యాన్సర్ కాలేయం దాకా పాకిందని, ఇక చేసేదేమీ లేదు ఇంటికి తీసుకెళ్లమని పెద్దాసుపత్రిలో చెప్పి నెల దాటింది. ఆ రోజు కూడా స్కానింగ్ కవరు చేతిలో పట్టుకుని, "ఇది పావు కేజీ ఉంటుంది, నా ప్రాణం అంతకన్నా తేలిక" అన్నాడట. ఆ మాట చెప్పి ఆయన భార్య మాణిక్యం నవ్వబోయి ఏడ్చింది.

ఆయన్ని పక్కకి తిప్పి, ఒత్తుకుపోయిన మడమల కింద పాత చీర మడత పెట్టింది శ్రీదుర్గ. దూది తడిపి పెదవులు, నాలుక తుడిచింది. ఆసుపత్రిలో నర్సు పని ఆమెది. ఆ ముసలి దంపతులు ఆమె ఇంటి వెనక వాటాలో అద్దెకుంటారు. పదకొండేళ్లుగా బాబాయిగారూ పిన్నిగారూ అనే పిలుపు. రెండు నెలల కిందట ఏలూరులో మూడు రోజుల ట్రైనింగ్ ఇచ్చారు, నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లని ఎలా చూసుకోవాలో. అప్పటినుంచీ చుట్టుపక్కల ఆశా కార్యకర్తలకి ఆ పాఠం చెప్పే బాధ్యత కూడా ఆమె మీదే పడింది. చెప్పడం బాగా చెబుతుందని పేరు.

ట్రైనింగ్‌లో ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న ఉంది. నిలబడి అడగకూడదు, వాళ్ల ఎత్తులో కూర్చుని అడగాలి, అడిగాక నోరు మూసుకుని జవాబు వచ్చేదాకా ఆగాలి. శ్రీదుర్గ స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాబాయిగారూ, ఇక ముందు రోజుల్లో మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారండీ?"

పట్టాభిరామయ్య చాలాసేపు ఇంటి కప్పు వంక చూశాడు.

"ఇంకెక్కడమ్మా? ఇక్కడే. ఈ నవారు మంచం మీదే. ఆ కిటికీలోంచి లారీల హారన్లు వినబడతాయి చూడు, మార్కెట్‌కి సరుకు వచ్చిందని తెలుస్తుంది. మీ పిన్ని ఆ స్టవ్ దగ్గర నన్నేదో ఒకటి తిట్టుకుంటూ ఉండాలి. అంతకన్నా ఏం కావాలి? మళ్లీ ఆసుపత్రులకీ వాటికీ తిప్పకండి."

"తిప్పనివ్వను బాబాయిగారూ. నాదీ పూచీ."

రోగి కోరిక అన్న చోట 'ఇంటి దగ్గర, సొంత మంచం మీద' అని గుండ్రటి అక్షరాలతో రాసి, తేదీ వేసింది. పట్టాభిరామయ్య కళ్లజోడు పెట్టించుకుని చూసి, వంకరటింకరగా సంతకం చేశాడు. చేశాక మొహం ఎంత తేటపడిందో! ఆ పూట రెండు చెంచాల జావ కూడా అడిగి తాగాడు.

నొప్పికి మార్ఫిన్ మాత్రలు. నాలుగ్గంటలకొకటి, రాత్రి పడుకోబోయేముందు రెండు. మాణిక్యానికి చదువు రాదు. ఒకటికి రెండు వేస్తే ఏమవుతుందోనని భయం. "మీ దగ్గరే ఉంచండమ్మా, వేళకి మీరే ఇవ్వండి" అంది. శ్రీదుర్గ కూడా అదే మంచిదనుకుంది. మాత్రల షీట్లు తన బీరువాలో పెట్టి తాళం వేసి, ఏ పూటవి ఆ పూట పిన్నిగారి కుంకుమ భరిణెలో వేసి ఇచ్చేది. ఉన్నది ఒకే ఆవరణలో కదా, పిలిస్తే పలికే దూరం కదా అనుకుంది.

ఆ సాయంత్రం నాలుగింటికి అమరేశ్వరరావు కొట్లోంచి లేచి వెనక్కి వచ్చాడు. శ్రీదుర్గ భర్త. ఇంటి ముందు గదిలోనే కిరాణా కొట్టు. చేతిలో పంచాంగం ఉంది.

"ఏవండీ పిన్నిగారూ, ఇలా వచ్చి కాస్త కూర్చుంటారా?"

మాణిక్యం తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చుంది. శ్రీదుర్గ ముసలాయన దుప్పట్లు జాడించి, బకెట్లో పెట్టుకుని తీగ దగ్గర నిలబడి ఉంది.

"ఏమీ అనుకోకండి. రేపు మధ్యాహ్నం నుంచి ధనిష్ఠా పంచకం వస్తోందండీ. సోమవారం రాత్రి దాకా. ఆ అయిదు రోజుల్లో ఏదైనా జరిగితే... జరగదనుకోండి, జరక్కూడదనే నేనూ దణ్ణం పెట్టుకుంటున్నాను... కానీ జరిగితే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. వాటాలు రెండయినా కప్పు ఒకటే కదండీ. కొట్టూ ఇందులోనే ఉందాయె."

"మరి మమ్మల్ని ఏం చెయ్యమంటారు బాబూ?"

"ఆ అయిదు రోజులూ కొల్లేట్లో మీ తమ్ముడిగారి దగ్గర ఉండి వచ్చేస్తారని... మంగళవారం పొద్దున్నే మళ్లీ మీ వాటాలోకి మీరే వచ్చేద్దురుగాని. తాళం కూడా మీ దగ్గరే ఉంచుకోండి. నేను పరాయివాడిలా అంటున్నానని మాత్రం అనుకోవద్దు."

ఎంత మర్యాద! ఒక్క మాట గట్టిగా అనలేదు. పడి ఉన్న మనిషిని అయిదు రోజులు బయట ఉండి రమ్మని చెప్పడానికి ఇంతకంటే మెత్తటి మాటలు గోదావరి జిల్లాల్లో కూడా దొరకవు.

మాణిక్యం తలెత్తి శ్రీదుర్గ వంక చూసింది. అదేమీ నిష్ఠూరపు చూపు కాదు. పొద్దున పూచీ పడిన మనిషి ఏదో ఒకటి అంటుందని చూసే చూపు. శ్రీదుర్గ బకెట్లోకి వంగి దుప్పటి తీసి పిండింది. అప్పటికే పిండి ఉన్న దుప్పటి. చుక్క నీరు కూడా రాలలేదు. అయినా ఇంకోసారి పిండింది. రాత్రి ఆయనతో నెమ్మదిగా మాట్లాడదాం, ఈవిడ ముందు ఎందుకు అనుకుంది.

రాత్రి అమరేశ్వరరావు పెందలాడే నిద్రపోయాడు. ఆమె లేపలేదు.

గురువారం పెదపాడులో మీటింగు. బయల్దేరేముందు పది గంటలకి, రెండింటికి, ఆరింటికి అని మూడు మాత్రలు భరిణెలో వేసి ఇచ్చింది.

"ఆరింటికల్లా వచ్చేస్తాను పిన్నిగారూ. నిన్నటి సంగతి నేను చూసుకుంటాను, మీరేం బెంగ పెట్టుకోకండి."

"అలాగేనమ్మా," అంది మాణిక్యం.

మీటింగు హాల్లో ఇరవై మంది ఆశా కార్యకర్తలు, నీలం చీరల్లో. శ్రీదుర్గ ఆ రోజు చాలా బాగా చెప్పింది. మార్ఫిన్ అంటే మత్తు మందని భయపడొద్దంది. పోయేవాళ్లకి ఆకలి వెయ్యదు, నోరు తెరిపించి బలవంతాన పొయ్యకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుందంది. జబ్బు సంగతి రోగికి చెప్పకుండా దాచి, ఆయన ముందు నవ్వులు నటించొద్దంది. చివరికి, "ఎక్కడ పోవాలో ఎంచుకునే హక్కు మనిషికుంది. అది అడిగి తెలుసుకుని జరిపించడమే మన పని" అంది. చప్పట్లు కొట్టారు.

వెనక వరసలోంచి రత్నం అనే ఆవిడ లేచింది. నలభై దాటిన మనిషి, మాట ఖణేల్‌మంటుంది.

"నాదొక డౌటండీ. సొంత ఇల్లుంటే మీరు చెప్పిందంతా బాగానే ఉంది. అద్దె ఇళ్లవాళ్ల మాటేంటండీ? మా వీధిలో ఒకావిణ్ణి ప్రాణం ఉండగానే ఆటో ఎక్కించారు, ఓనరు గుమ్మంలో పోకూడదన్నాడని. మూడు గంటలు రోడ్డు మీదే తిప్పారు. నేను చూస్తూ నిలబడ్డానండీ. ఏం చెయ్యాలో తెలీలేదు. అద్దెకున్నోళ్లు ఎక్కడ పోవాలండీ?"

 శ్రీదుర్గకి నిన్నటి బకెట్లో దుప్పటి గుర్తొచ్చింది. కానీ నోరు దాని పాటికి అది మాట్లాడింది. అలవాటైన నోరు కదా!

"ఓనర్లతో మనమే మాట్లాడాలమ్మా. వాళ్లూ మనుషులే. నచ్చజెబితే వింటారు. ఆరోగ్య కార్యకర్తలం, మనం నోరు విప్పకపోతే ఇంకెవరు విప్పుతారు?"

"అది నిజమేనండీ," అని రత్నం కూర్చుంది. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంది కూడా.

ఏలూరు బస్టాండులో గూడెం బస్సు ఎక్కి కూర్చున్నాక, శ్రీదుర్గకి తన గొంతే చెవుల్లో మోగుతోంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దిగగానే ఆయనతో చెప్పెయ్యాలి, మూసుకుంటే మూసుకుందాం, ఆరు నెలలు బజార్లో ఇంకో కొట్టు అద్దెకి తీసుకుందాం, ఎక్కడికీ పంపేది లేదు అని చెప్పెయ్యాలి. భీమడోలు దాటేసరికి మాటలన్నీ వరసగా పేర్చుకుంది. ఒకటి రెండు సార్లు పైకే అనుకుంది కాబోలు, పక్క సీటావిడ తిరిగి చూసింది.

ఆరున్నరకి గేటు తీసేసరికి వెనక వాటా తలుపు బార్లా తీసి ఉంది. గది కడిగారు. ఫినాయిలు వాసన వేస్తోంది. నవారు మంచం గోడకి నిలబెట్టి ఉంది.

"పదకొండింటికి వెళ్లారు," అన్నాడు అమరేశ్వరరావు ఆమె మొహం చూడకుండా. "నేనేం తొందరపెట్టలేదు దుర్గా. పొద్దున్నే ఆయనే వాళ్ల బావమరిదికి ఫోను చేయించుకున్నారు. ఆటోలో మంచం పట్టలేదు. గది కడిగింది కూడా పిన్నిగారే. నేను వద్దంటున్నా వినలేదు."

శ్రీదుర్గ పరుగున వెళ్లి బీరువా తెరిచింది. మాత్రల షీట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మూడంటే మూడు మాత్రలు. ఆరింటిది వేసేసి ఉంటారు. పదింటికి వెయ్యడానికి అక్కడ ఏమీ లేదు. మాణిక్యం నంబరుకి ఫోను చేస్తే స్విచ్చాఫ్. తమ్ముడి నంబరు తెలీదు. కొల్లేటి గట్టున చేపల చెరువుకి కాపలా ఉంటాడని తెలుసు గానీ ఏ లంకో, ఏ చెరువో తెలీదు.  ఆ రాత్రి శ్రీదుర్గ పది కొట్టడం విన్నది. రెండు కొట్టడం విన్నది. అన్నం కంచం ముందు కూర్చున్న అమరేశ్వరరావు కూడా తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం పొద్దున అయిదున్నరకి ఫోను కలిసింది. ఏలూరు దాకా బస్సులోనూ, అక్కడినుంచి లంకల వైపు ఆటోలోనూ వెళ్లింది. దారికి రెండు పక్కలా చేపల చెరువులే. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. అది మేత బస్తాలు పెట్టుకునే షెడ్డు. అందులోనే ఓ పక్కన తమ్ముడి కాపురం. బస్తాల మీద టార్పాలిన్ వేసి, దాని మీద పడుకోబెట్టారు. చేపల మేత వాసన గుప్పుమంటోంది.

పట్టాభిరామయ్య మోకాళ్లు గుండెలకి ముడుచుకుని ఉన్నాడు. నోట్లో తువ్వాలు కుక్కి ఉంది.

"రాత్రి నుంచీ అంతేనమ్మా," అంది మాణిక్యం. "అరిస్తే పక్క చెరువులవాళ్లు వస్తారు, చెరువు ఆసామికి తెలిస్తే తమ్ముడికి మాటొస్తుందని ఆయనే కుక్కుకున్నారు. నేను తీస్తే మళ్లీ పెట్టుకున్నారు."

శ్రీదుర్గ తువ్వాలు తీసి పక్కన పెట్టింది. మాత్ర పొడి చేసి, చెంచా నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా నాలుక మీద వేసింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ముప్పావు గంట పట్టింది మోకాళ్లు సడలడానికి. ఆ ముప్పావు గంట ఎలా గడిచిందో ఆమెకే తెలియాలి.

కాసేపటికి ఆయన కళ్లు తెరిచాడు.

"ఇంత దూరం నువ్వెందుకొచ్చావమ్మా?" అన్నాడు. తర్వాత తన కింద బస్తాని వేలితో తట్టాడు. "ఏభై కేజీలని రాశారు. నలభై తొమ్మిది కూడా ఉండవు."

"బాబాయిగారూ, తప్పయిపోయింది. ఇప్పుడే బండి పిలుస్తాను. ఇంటికి వెళ్లిపోదాం పదండి."

"వద్దమ్మా. అబ్బాయిగారు మంచివారు. నా మూలాన కొట్టు మూతపడితే మళ్లీ బేరం నిలబడుతుందా? కొట్టంటే నాకు తెలీదా?" ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "అయిదు రోజులే కదా. ఉంటాలే. మంగళవారం వచ్చేస్తాను."

ఆ మాట వినగానే శ్రీదుర్గకి లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా తల కొట్టేసినట్టయ్యేది ఆ క్షణానికే.

"ఇంకో మాటమ్మా. ఆ కాయితం మీద రాశావు కదా, నా మంచం మీదే అని. అది కొట్టెయ్యి. రేపు పైవాళ్లెవరైనా చూస్తే నీ మీదికి మాటొస్తుంది."

శ్రీదుర్గ సంచీ తెరిచింది. మాత్రల షీట్లన్నీ మాణిక్యం చేతిలో పెట్టింది. ఏ వేళకి ఏది వెయ్యాలో అంకెలతో పనిలేకుండా, పొద్దు పొడుపు, మేత వేసే వేళ, మధ్యాహ్నం అన్నం, దీపాలు పెట్టే వేళ, పడుకునే వేళ అని చెప్పింది. మాణిక్యం ఒక్కసారి విని తిరిగి తప్పులేకుండా ఒప్పజెప్పింది. ఈ పని మొదటిరోజే చెయ్యవలసింది. పదకొండేళ్లు పక్కన ఉండి, ఆవిడకి రాదని ఎలా అనుకుంది?

ఇంటికొచ్చి అమరేశ్వరరావుతో జరిగింది జరిగినట్టు చెప్పింది. తువ్వాలు సంగతి కూడా దాచలేదు. 

"పంచకం నేను పుట్టించలేదు దుర్గా," అన్నాడాయన.

"నేను నోరు మూసుకున్నానండీ. అది ఎవరు పుట్టించారు?" అంది ఆమె.

మంగళవారం కొట్టు తెరవలేదు. అమరేశ్వరరావు తెల్లవారకుండానే ట్రాలీ ఆటో మాట్లాడుకొచ్చాడు. మంచం తనే మోసుకొచ్చి ఎక్కించాడు. నవారు బిగించాడు. పరుపు, దిండు, ఉతికిన దుప్పట్లు వేశాడు. ముసలాయన్ని పడుకోబెట్టి కదలకుండా తీసుకురావాలని మంచం కాళ్లు తాళ్లతో ట్రాలీకి కట్టాడు. వెనక వాటాలో స్టవ్ వెలిగించి పాలు కాచి, కిటికీ తీసి పెట్టి మరీ బయల్దేరింది శ్రీదుర్గ.

షెడ్డు ముందు ఆటో ఆగేసరికి ఎనిమిదిన్నర. గట్టు మీద నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు. అందరూ ఊరికే నిలబడి ఉన్నారు. ఆ నిలబడ్డం చూస్తేనే ఆమెకి తెలిసిపోయింది.

పట్టాభిరామయ్య నేల మీద ఉన్నాడు, టార్పాలిన్ మీద. తల దగ్గర దీపం. దవడకి కట్టు కట్టారు. మాణిక్యం గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"తెల్లారగట్ల మెలకువొచ్చిందమ్మా," అంది. "మంగళవారం వచ్చేసిందా అని అడిగారు. వచ్చేసిందండీ అన్నాను. అయితే లే, సామాను సర్దు, బయల్దేరదాం అన్నారు. నేను చీరలు మూట కడుతున్నాను. మళ్లీ తిరిగి చూసేసరికి లేరు."

శ్రీదుర్గ ఆ మట్టిలో కూలబడి ఆవిడ ఒళ్లో తల పెట్టి భోరున ఏడ్చింది. ఏడవాల్సింది ఎవరు, ఓదార్చేది ఎవరు? మాణిక్యం ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

"పిన్నిగారూ, ఇంటికి తీసుకెళ్దాం. మన ఇంట్లోంచే పంపిద్దాం. ఎవరేమన్నా సరే. మంచం కూడా తెచ్చాం."

మాణిక్యం ట్రాలీ వైపు చూసింది. తాళ్లతో కట్టిన మంచాన్ని, ఉతికిన దుప్పటిని, పక్కన చేతులు కట్టుకుని తల వంచుకున్న అమరేశ్వరరావునీ చూసింది.

"ఇప్పుడెందుకమ్మా?" అంది.

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నిజంగానే ఎందుకని అడిగింది.

కాసేపయ్యాక కొంగుముడి విప్పి కుంకుమ భరిణె తీసింది. అందులో మిగిలిన మాత్రలు, మడత పెట్టిన ఖాళీ షీట్లు ఉన్నాయి.

"మిగిలినవి వెనక్కి ఇచ్చెయ్యాలని మొదట్లో చెప్పారు కదమ్మా. మీరు చెప్పిన వేళల ప్రకారమే వేశాను. ఆ తర్వాత ఒక్కనాడు కూడా నొప్పితో అరవలేదు."

ఆ గురువారం పెదపాడులో మళ్లీ మీటింగు. శ్రీదుర్గ ఈసారి చార్టులు తగిలించలేదు. సంచీలోంచి ఫారం తీసింది.

"ఈ వేళ పాఠం లేదమ్మా. ఒక పేషెంటు సంగతి చెబుతాను."

కాటా దగ్గర పనిచేసిన ఒక ముసలాయన అంది. ఆయన ఏం కోరాడో ఫారంలోంచి చదివింది. కొట్టెయ్యమన్నా కొట్టెయ్యలేదు. పంచకం అని ఓనరు ఎంత మర్యాదగా చెప్పాడో, పక్కనే ఉన్న ఓనరు భార్య నోరు తెరవకుండా పిండిన దుప్పటినే మళ్లీ ఎలా పిండిందో చెప్పింది. మాత్రలు బీరువాలో ఉండిపోయాయంది. తువ్వాలు సంగతి చెప్పింది. మంగళవారం వచ్చేసిందా అని అడిగాడంది. ఒక్క పేరూ చెప్పలేదు. హాల్లో ముక్కులు చీదుకుంటున్నారు.

రత్నం లేచి నిలబడింది. కళ్లు ఎర్రబడ్డాయి. చేతిలో పోయినవారం రాసుకున్న నోట్‌బుక్కు ఉంది.

"ఏ ఊరండీ అది? ఎవరండీ ఆ ఇంటోళ్లు? ఆవిడ కూడా ఆడదేనా? ఎడ్రస్ చెప్పండి, అందరం వెళ్దాం. నోరు విప్పాలని మీరే కదండీ చెప్పారు!"

"తాడేపల్లిగూడెం," అంది శ్రీదుర్గ. "మా ఇల్లేనమ్మా."